వీరవేణి కుడికాలు

మనిషన్నాక పుట్టేటప్పుడు తల ముందు రావాలి. వీరవేణికి కాళ్ళు ముందొచ్చేయి, అందులోనూ కుడికాలు. మంత్రసాని ఆ కాలు పట్టుకుని పగలల్లా అవస్థపడి పిల్లనైతే బయటికి లాగింది గాని, తల్లి దక్కలేదు. "తల్లిని తన్ని పుట్టింది" అన్నారు పాలెంలో. ఆ అన్నవాళ్ళే, పిల్లకి అయిదో ఏడు వచ్చేసరికి, నడుం పట్టేసిందని ఆ గుడిసె ముందు ఇసకలో వరసగా బోర్లా పడుకున్నారు. లోకం తీరే అంతండీ, తిట్టిన నోటితోనే మందూ అడుగుతుంది.

గోదారి పాయ సముద్రంలో కలిసే చోట ఉండేది వాళ్ళ పాలెం. అమలాపురం మూడు కోసుల దూరం. మగాళ్ళందరూ వలలు లాగేవాళ్ళు, పడవలు ఇసక మీదకి ఈడ్చేవాళ్ళు. నడుం పట్టెయ్యడం అన్నది అక్కడ అన్నం తిన్నంత మామూలు. ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళ పాదానికి గుణం ఉంటుందనీ, ఆ కాలితో తన్నితే పట్టిన నడుం విడుస్తుందనీ అందరి నమ్మకం. దానికి నేమాలు కూడా ఉండేవి. ఆదివారం గాని గురువారం గాని కావాలి. పొద్దు పొడిచే వేళ, పరగడుపున, కుడి మడమతో మూడు తన్నులు తన్నాలి. తన్నినందుకు చేపపిల్ల కూడా పుచ్చుకోకూడదు. అన్నిటికన్నా పెద్ద నేమం ఇంకోటుంది. తన్నేక పొద్దు తాడిచెట్టంత ఎత్తు ఎక్కేదాకా ఆ పడుకున్న మనిషిని ఎవరూ ముట్టుకోకూడదు, పలకరించకూడదు. ముట్టుకుంటే గుణం చెదిరిపోతుందట.

చిన్నప్పుడు నాయనమ్మ పెద్దింట్లమ్మ చంకల కింద చేతులు పెట్టి ఎత్తి, ఆ పిల్లని ఒక్కొక్కడి నడుం మీదా దించేది. పిల్ల నవ్వుకుంటూ తన్నేది. వాళ్ళు మూలుగుతూ పడుకుని, ఎండెక్కేక లేచి, "విడిచిందే" అంటూ పోయేవారు. విడిచిందో, విడిచిందనుకున్నారో మనకి తెలీదు. పడవ మీదకి మాత్రం వెళ్ళేవారు.

పెళ్ళి కూడా ఆ కాలు వల్లే అయింది. పాలెంలో పెద్ద పడవకి తండేలు, అంటే పడవ నడిపే పెద్ద, భీమరాజు. అయిదు కుటుంబాలు ఆయన పడవ మీద బతికేవి. ఆయన నడుం నెలకోసారి పట్టేసేది, పట్టేస్తే పడవ కదిలేది కాదు. అందుకని తమ్ముడు సత్తిరాజుకి ఈ పిల్లని చేసుకున్నాడు. పెళ్ళిచూపుల నాడు మొహం ఎవరు చూశారు గనకా. కాలు ముందుకి పెట్టమన్నారు, మడమ చూశారు, తాంబూలాలు పుచ్చుకున్నారు.

సత్తిరాజు మంచివాడే. నాలుగేళ్ళు కాపరం చేశాడు. పాయ సముద్రంలో కలిసే మొగలో పడవ తిరగబడి పోయేనాటికి కొడుకు ముత్యాలరాజుకి రెండేళ్ళు. వీరవేణి ఏడ్చింది, అందరిలాగే ఏడ్చింది. తరవాత చుట్టకుదురు నెత్తిన పెట్టుకుని, దాని మీద చేపలతట్ట పెట్టుకుని, అమలాపురం దారి పట్టింది. బావగారు భీమరాజు పడవ లోంచి రోజూ ఒక తట్ట చేప ఆవిడకి వచ్చేది. ఊరికే కాదు లెండి, ఆయన నడుం ఎప్పుడు పట్టేసినా కాలు సిద్ధంగా ఉండాలి. ఆ మాట ఎవరూ పైకి అనలేదు, అనవలసిన పనీ లేకపోయింది.

ముత్యాలరాజుకి తొమ్మిదో ఏడు నడుస్తుండగా పాలెంలోకి వాంతులూ భేదులూ వచ్చేయి. ఒక బుధవారం సాయంత్రం పిల్లాడికి మొదలైంది. తెల్లారేసరికి కళ్ళు లోతుకి పోయేయి, పిక్కలూ నడుమూ కొంకర్లు తిరిగిపోతున్నాయి. గురువారం పొద్దు పొడుస్తోంది.

"అమ్మా, నడుం పట్టేసింది. కాలెయ్యి" అన్నాడు.

అందరికీ వేసే కాలు కన్నకొడుక్కి వెయ్యదా. బోర్లా పడుకోబెట్టి మూడుసార్లు వేసింది, దూదికి తగిలినంత మెల్లిగా వేసింది. వేశాక నేమం ప్రకారం దూరంగా జరిగి కూచుంది. పిల్లాడు "అమ్మా" అన్నాడు ఒకసారి. లేవబోయింది. "ముట్టుకోకే, గుణం చెదిరిపోతుంది" అన్నారు చుట్టూ ఉన్నవాళ్ళు. ఇంకోసారి అన్నాడు. ఆవిడ పిడికిళ్ళు బిగించుకుని పొద్దుకేసే చూస్తోంది, తాడిచెట్టు ఎత్తు ఎప్పుడెక్కుతుందా అని. పొద్దు ఎక్కింది. ఆవిడ లేచి వెళ్ళి పిల్లాణ్ణి తిప్పింది. అప్పటికే అయిపోయింది.

ఆవిడకి ఏడుపు రాలేదు. రావాలని చూసింది, రాలేదు. పాయ గట్టున సరుగుడు మొక్కల పక్కన ఇసకలో పాతిపెట్టేరు. అక్కడి నించి వచ్చి, స్నానం చేసి, తడిచీర పిండి ఆరేసింది. నాలుగోనాడు ఆదివారం. ఎవరో నడుం పట్టేసి వచ్చి వాకిట్లో బోర్లా పడుకున్నాడు. వెళ్ళి తన్నింది. వాడికి విడిచింది. ఆవిడకి ఏమీ అనిపించలేదు. ఆ తరవాత మూడేళ్ళు ఆవిడకి ఏమీ అనిపించలేదు. అన్నం ఉప్పగా ఉన్నా తినేది, చప్పగా ఉన్నా తినేది. వానలో తడిస్తే తడిసినట్టు తెలిసేది, అంతే.

ఒక్కటి మాత్రం చేసింది. అమలాపురానికి పాయ గట్టునే దగ్గర దారి. ఆ దారి కొడుకు దిబ్బ పక్కనించి పోతుంది. ఆవిడ ఆ దారి మానేసి, పొలాల వెంబడి చుట్టూ తిరిగి నడవడం మొదలెట్టింది. పోనూ రానూ రెండు కోసులు ఎక్కువ, నెత్తిన తట్టతో.

అప్పుడే మడమనొప్పి మొదలైంది. కుడికాలికే. పొద్దుటే చాప మీంచి లేచి మొదటి అడుగు వేసేసరికి మడమలో మేకు దిగినట్టు ఉండేది. గోడ పట్టుకుని పది అడుగులు వేస్తే కాస్త సర్దుకునేది. అమలాపురం సంతలో రెండు గడియలు కూచుని లేస్తే మళ్ళీ మొదటికొచ్చేది. ఇటుకరాయి కాల్చి, దాని మీద జిల్లేడాకులు పరిచి, మడమ ఆనించి కాపడం పెట్టుకోమని పాలెంలో ప్రతి ముసలమ్మా చెప్పింది. ఒక్కనాడూ పెట్టుకోలేదు. నొప్పి తెలీక కాదు. ఆ కాలికి ఆ నొప్పి తగిందేనని ఆవిడ లెక్క. తల్లిని తీసుకుపోయింది, కొడుకుని నిలబెట్టలేదు, అలాంటి కాలు సుఖంగా ఎందుకుండాలి? ఎవరితోనూ అనలేదు ఈ మాట. నలుగురితో అనుంటే ఎవరో ఒకరు నాలుగు చివాట్లు పెట్టి ఉందురు. లోపల పెట్టుకుంది, నడిచింది.

పాలెంలో వాళ్ళకి మాత్రం ఆ నొప్పి పట్టలేదు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డదని సామెత చెప్పుకుని నవ్వుకున్నారు. నవ్వుతూనే ఆదివారం వచ్చి పడుకున్నారు. మూడు తన్నులు ఒక్కొక్కడికి. నలుగురొస్తే పన్నెండు. ప్రతి తన్నుకీ ఆవిడ మడమలోంచి మోకాలిదాకా సలుపు పాకేది. పళ్ళ బిగువున తన్నేసి, గుంజ పట్టుకుని నిలబడేది. పొద్దెక్కేదాకా ఎవరినీ పలకరించకూడదు గనక, ఆవిణ్ణి పలకరించేవాళ్ళూ ఉండేవారు కాదు.

ధవళేశ్వరం ఆనకట్ట కట్టడం అయి, కాలవలు తవ్వుతున్న రోజులు. కాలవ పని కోసం జనం ఎక్కడెక్కడి నించో దిగేరు, చేపకి గిరాకీ పెరిగింది, తట్ట బరువూ పెరిగింది. ఒకనాడు తిరిగొస్తూ పొలం గట్టు దిగబోయి మడమ ఆన్చలేక బోర్లా పడింది. కూడా వెంకటలక్ష్మి ఉంది. వెంకటలక్ష్మి కూడా చేపలు అమ్మేదే, నోరు మూతపడే మనిషి కాదు.

"వదినా, ఇవాళ గట్టు మీద పడ్డావు. రేపు సంతలో పడతావు. ఎల్లుండి మంచాన పడతావు. అప్పుడు నీకు తట్ట ఎవరిస్తారు, నోట్లో మెతుకు ఎవరు పెడతారు?" అంది. "కొత్తపేటలో సుందరరావు పంతులుగారని వైద్యులున్నారు. నడవలేనివాళ్ళని నడిపించేరట. మా పిన్నిది ఆ ఊరే. శనివారం పోదాం."

వీరవేణి వద్దనీ అనలేదు, సరే అనీ అనలేదు. వెంకటలక్ష్మి అదే సరే అనుకుంది.

తండేలుతో చెప్పకుండా ఎలా వెళ్తారు. భీమరాజు వాకిట్లో వల బాగుచేసుకుంటున్నాడు. చెడ్డవాడేం కాదు, తన నడుం సంగతి తనకి తెలిసిన మనిషి.

"వెళ్ళిరా వేణమ్మా. చూపించుకో. కాని రెండు మాటలు గుర్తుంచుకో. ఆ కాలికి వాత పెట్టనివ్వకు. కాలిస్తే గుణం కాలిపోతుంది. తోలు తగలనివ్వకు. తోలు తగిలిన కాలు మనిషి మీద వెయ్యడానికి పనికిరాదు" అన్నాడు. వల మీంచి తల ఎత్తకుండానే, "పడవ ఈ నడుం మీద నడుస్తోంది, నడుం నీ కాలి మీద. నీ తట్ట కూడా అందులోదే" అన్నాడు.

"ఆయ్, తెలుసండి బావగారూ" అంది వీరవేణి.

శనివారం రాత్రికి కొత్తపేట చేరి, వెంకటలక్ష్మి పిన్నిగారింట పడుకుని, ఆదివారం తెల్లారకుండానే పంతులుగారి వాకిట్లో నిలబడ్డారు. వెంకటలక్ష్మి రెండు కొబ్బరికాయలు అరుగు చివర పెట్టి వెనక్కి జరిగింది. పంతులుగారు బయటికొచ్చి అరుగు మీద కూచున్నారు. సన్నగా, పొడుగ్గా, ఒక చెయ్యి నడుం మీద వేసుకుని కూచున్నారు. చదువుకున్న మనిషి, చెయ్యి తిరిగిన వైద్యుడు, అందులో అనుమానం లేదు. కాని పల్లెపాలెం ఆడమనిషి పాదం ఆయన ముట్టుకోరు. ముట్టుకోకుండా చూడ్డానికి ఆయనకి ఒక పద్ధతి ఉంది. వాకిట్లో నేల మీద జల్లించిన బూడిద పలచగా పరిపించి, దాని మీద నడవమంటారు. అడుగు జాడ చూసి చెబుతారు.

వీరవేణి నడిచింది. ఆయన మెడ ముందుకి చాపి చూశారు.

"ఎడమ అడుగు నిండుగా పడింది. కుడి అడుగులో మడమే లేదు చూశావా? ముని వేళ్ళ మీద నడుస్తున్నావు. ఎన్నాళ్ళ నించి?"

"మూడేళ్ళ నించండి."

"పొద్దుటే లేచినప్పుడు ఎక్కువా?"

"ఆయ్."

"దీన్ని వాతకంటకం అంటారు. మడమలో ముల్లు గుచ్చినట్టు ఉంటుంది. బరువు మొయ్యడం వల్ల, గట్టి నేల మీద ఎక్కువ నడవడం వల్ల వస్తుంది. రోజుకి ఎంత నడుస్తావు?"

వీరవేణి జవాబు చెప్పేలోపలే వెంకటలక్ష్మి అందుకుంది. "పోనూ రానూ ఎనిమిది కోసులండి బాబయ్యా. ఆరు కోసుల దారి ఉంది, అటు రాదు. ఎందుకు రాదో చెప్పదు. దానికి తోడు ఆదివారాలూ గురువారాలూ ఆ కాలితోనే ఊరందరి నడుములూ తన్నుతుంది. ఎదురుకాళ్ళతో పుట్టిందండి."

పంతులుగారు నడుం మీది చెయ్యి సర్దుకున్నారు. తరవాత వైద్యం చెప్పేరు. మడమకి గోరువెచ్చని ఆముదం రాసి, జిల్లేడాకు పరిచిన ఇటుక మీద కాపడం, రోజూ రెండు పూటలు. దగ్గర దారినే నడవాలి. ఊరి చివర పేటలో జోజి అనే ముసలాడు చెప్పులు కుడతాడు, మడమ చోట గుంట వదిలి లోపల మెత్తటి తోలు వేసి కుట్టమని చెప్పి, అవి తొడుక్కునే నడవాలి. మూడు నెలలు ఎవరినీ తన్నకూడదు. తన్నితే ఈ వైద్యం అంతా గంగలో కలిసినట్టే.

"ఆయ్" అంది వీరవేణి.

వాళ్ళు కదలబోతుంటే పంతులుగారు గొంతు సవరించుకున్నారు. "ఇవాళ ఆదివారమే కదా" అన్నారు. ఇద్దరూ ఆగేరు. "పొద్దు కూడా ఇప్పుడే పొడుస్తోంది. నాకూ పది రోజుల నించి నడుం... ఎలాగూ స్నానం చెయ్యలేదింకా. తన్నడం మానెయ్యాలనుకో. అది రేపట్నించి మొదలెట్టు."

అరికాలి మంట నెత్తికెక్కింది వెంకటలక్ష్మికి. చూడ్డానికి చేత్తో ముట్టుకోకూడని పాదం, తన నడుం దగ్గరికొచ్చేసరికి మందైపోయింది. నోరు తెరవబోయింది. వీరవేణికి కోపం రాలేదు. ఆవిడకేం రాలేదు. పంతులుగారు పంచె సర్దుకుని, ఆ బూడిద పక్కనే బోర్లా పడుకున్నారు. ఆవిడ కుడికాలెత్తి మూడుసార్లు తన్నింది. మూడో తన్నుకి కళ్ళు బైర్లు కమ్మి, అరుగు స్తంభం పట్టుకోబోయి, పట్టుకోకూడదని గుర్తొచ్చి, గాల్లోనే నిలదొక్కుకుంది. పంతులుగారు కదలకుండా పడుకున్నారు. పొద్దెక్కేదాకా ఆయన్నెవరూ పలకరించకూడదు గనక, వాళ్ళిద్దరూ చెప్పకుండానే వెళ్ళిపోయేరు.

దారిలో వెంకటలక్ష్మి ఆయన్ని ఏడు తరాల దాకా తిట్టింది. వీరవేణి నడుస్తోంది, ముని వేళ్ళ మీద.

జోజి ఉండేది ఊరికి దూరంగా, పేటలో ఆఖరి పాక. అసలు పేరు వేరే ఏదో ఉండేది, పాదిరీగారు నీళ్ళు చల్లి జోజి అని పెట్టేరు. డెబ్బై ఏళ్ళుంటాయి, కళ్ళు సగం పోయేయి. తోలు ముక్క మోకాళ్ళ మధ్య పట్టుకుని తడుముకుంటూ కుడుతున్నాడు. పంతులుగారు చెప్పింది విని తల ఊపేడు.

"చేస్తానమ్మా. కాని గుంట ఎక్కడ రావాలో తెలియాలంటే కాలు పట్టుకోవాలి, నాకు చూపు ఆనదు. మీకు అభ్యంతరమైతే పుల్లతో కొలుస్తాను. సరిగ్గా మాత్రం రాదు" అన్నాడు.

వెంకటలక్ష్మి వీరవేణి మొహంకేసి చూసింది. భీమరాజు తోలు తగలనివ్వకు అన్న మాట ఇద్దరికీ చెవుల్లోనే ఉంది. వీరవేణి ఎదురుగా ఉన్న పీట మీద కూచుని, కుడికాలు చాపింది.

జోజి చేతులు గుడ్డతో తుడుచుకుని, ఆ పాదాన్ని ఒడిలోకి తీసుకున్నాడు. ఎడమ అరచేతిలో మడమ పెట్టుకుని, కుడి బొటనవేలితో అరికాలంతా మెల్లిగా నొక్కుకుంటూ వచ్చేడు. ఎన్ని వందల నడుముల మీద పడిందో ఆ కాలు, దాన్ని ఒక మనిషి చేతుల్లోకి తీసుకోవడం అదే మొదలు. పుట్టేటప్పుడు మంత్రసాని పట్టుకుంది, ఆ తరవాత లేదు. బొటనవేలు ఒకచోట ఆగింది.

"ఇక్కడేనా తల్లీ?"

"అక్కడే" అంది వీరవేణి.

"చాలా రోజులే ఓర్చుకున్నారు" అన్నాడు. వేలు అక్కడే ఉంచేడు, నొక్కలేదు.

ఆవిడ ఆ వేలుకేసే చూస్తూ అడిగింది. "తాతా, ఈ కాలికి గుణం ఉందంటారు. నేను ఎదురుకాళ్ళతో పుట్టేను. ఇందులో ఏవన్నా తేడా ఉందా?"

జోజి ఆ పాదాన్ని అటూ ఇటూ తిప్పేడు, వేళ్ళు ఒక్కొక్కటీ తడిమేడు, గిలకలు పట్టుకు చూశాడు. వేళాకోళానికి కాదు, అడిగిన పని చేసే మనిషిలాగే చూశాడు. "అరవై ఏళ్ళ నించి కాళ్ళే చూస్తున్నానమ్మా. పల్లకీ మోసేవాళ్ళవి చూశాను, పల్లకీలో కూచునేవాళ్ళవి చూశాను. ఇది మామూలు కాలు. బరువు మోసి మోసి మడమ అరిగిపోయిన ఆడమనిషి కాలు. ఇందులో గుణం లేదు."

"దోషం?"

"అదీ లేదు."

"మరి నా కొడుకు నడుం పట్టేసిందంటే ఈ కాలు వేశాను. పోయేడు."

జోజి చేతులు ఆగేయి. "ఏమొచ్చింది బాబుకి?"

"వాంతులూ భేదులూ."

"మూడేళ్ళ కిందటా?"

"ఆయ్."

"ఆ నెలే నా ఇంట్లో ముగ్గురు పోయేరు. నా పెద్దకొడుకు, కోడలు, మనవరాలు. నాలుగు రోజుల్లో" అన్నాడు జోజి. "మా ఇంట్లో ఎదురుకాళ్ళతో ఎవరూ పుట్టలేదు తల్లీ."

వీరవేణి చెయ్యి నోటికడ్డం పెట్టుకుంది. ముందు భుజాలు కదిలేయి, తరవాత చప్పుడొచ్చింది. మూడేళ్ళ నించి రావాలని చూసిన ఏడుపు ఆ పాకలో, ముక్కూ మొహం తెలియని ముసలాడి ముందు, తోలువాసన మధ్య వచ్చింది. ముట్టుకోనివ్వలేదు తాతా, ముట్టుకోనివ్వలేదు, అనే మాట తప్ప ఇంకో మాట లేదు. ఎప్పుడూ నోరు మూతపడని వెంకటలక్ష్మి నోరు మూసుకుని గుమ్మంలో నిలబడింది. జోజి ఆ పాదం వదల్లేదు. ఆవిడ ఏడుపు ఆగేదాకా రెండు చేతులతో అలాగే పట్టుకు కూచున్నాడు.

చెప్పులు కుట్టడానికి రెండు రోజులు పట్టింది. లోపల మేకతోలు, మడమ కింద గుంట. తొడుక్కుని ఆన్చితే నొప్పి ఉంది, మునుపటి నొప్పి మాత్రం కాదు. వస్తూ వస్తూ మూటలో ఉన్న ఎండుచేపలన్నీ జోజికి ఇచ్చేసింది. ఇంకా ఉంటే ఇంకా ఇచ్చేదే.

పాలెం చేరేసరికి గురువారం తెల్లవారుతోంది. భీమరాజు నడుం సరిగ్గా ఆవిడ ఊళ్ళో లేనప్పుడే పట్టేసింది. రెండు రోజులుగా పడవ ఇసక మీదే ఉంది. వీరవేణి గుడిసె ముందు ఆయనా, ఇంకో ఇద్దరూ అప్పటికే బోర్లా పడుకుని ఉన్నారు. చెప్పుల చప్పుడు విని భీమరాజు తల పక్కకి తిప్పి చూశాడు. ముందు చెప్పులు చూశాడు, తరవాత మొహం.

"తోలు తగలనిచ్చేవు" అన్నాడు.

"ఆయ్."

"విప్పి, కడుక్కుని రా. పసుపునీళ్ళతో కడుగు. చూద్దాం."

"కడిగినా ఇది మామూలు కాలే బావగారండీ" అంది వీరవేణి. గొంతు పెంచలేదు. "నడుముకి ఆముదం రాసుకుని, ఇటుక కాపడం పెట్టుకోండి. నేను మొన్నటి నించి అదే చేస్తున్నాను. కావాలంటే ఇటుక నేను కాచి పెడతాను."

ఇసకలో పడుకున్న మగాళ్ళు ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. భీమరాజుకి కోపం కన్నా భయమే ఎక్కువ వేసి ఉంటుంది, అయిదు కుటుంబాల మెతుకు ఆ నడుం మీద ఉంది మరి. మొహం మళ్ళీ ఇసకకేసి తిప్పుకుని అన్నాడు. "అయితే తట్ట కూడా వేరే చూసుకో వేణమ్మా."

"అలాగేనండి."

వెంకటలక్ష్మి పాలెం అవతల రేవులో పడవవాళ్ళని బతిమాలి, సగం తట్ట చేప ఇప్పించింది. సగం తట్ట అయితే బరువూ సగమే, పోనిద్దూ అంది. భీమరాజు నడుం సంగతి కూడా చెప్పాలి గదా. ఇటుక కాపడంతో పది రోజులకి విడిచింది, ఏ కాలూ వెయ్యకుండానే. ఆ సంగతి ఆయన జన్మలో ఒప్పుకోలేదు. రాజోలు వైపు ఎదురుకాళ్ళ కుర్రాడొకడు ఉన్నాడని తెలిసి, ఆ తరవాత ప్రతి నెలా పడవేసుకుని అక్కడికి పోయేవాడు. పోనీలెండి, ఎవరి నమ్మకం వాళ్ళది.

చెప్పులతో పాలెం చేరిన మర్నాడు, అంటే శుక్రవారం పొద్దున్నే, వీరవేణి సగం తట్ట నెత్తిన పెట్టుకుని బయల్దేరింది. పొలాల దారీ పాయ గట్టూ విడిపోయే చోట వెంకటలక్ష్మి అలవాటు కొద్దీ పొలాలవైపు తిరిగింది. వెనక చెప్పుల చప్పుడు వినపడకపోయేసరికి తిరిగి చూసింది. వీరవేణి గట్టు మీద నడుస్తోంది, రెండు మడమలూ ఆన్చి.

సరుగుడు మొక్కలు చెట్లయ్యేయి. దిబ్బ ఇసకలో కలిసిపోయి, కాస్త ఎత్తుగా ఉన్నట్టు తెలుస్తోంది, అంతే. వీరవేణి తట్ట దించింది. చెప్పులు విప్పి దూరంగా పెట్టింది. కాళ్ళు మడిచి కిందకి పెట్టుకుని పక్కన కూచుంది. పొద్దు అప్పుడే పైకొస్తోంది, ఇంకా తాడిచెట్టు ఎత్తు ఎక్కలేదు.

ఆవిడ ఆగలేదు. రెండు చేతులూ ఇసక మీద వేసింది.